గోడ మీద నంబరు ఉంది కదా, దాన్నే పట్టుకుందాం

అడగకుండా మన గోడల మీద పోస్టర్లు అతికించడం తప్పని పోయిన నెల ఇక్కడ నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. గోడలు పాడైన కోపంతో రాసినవాళ్లే ఎక్కువ, కానీ ఒకరిద్దరు అటువైపు నుంచి, అంటే పోస్టర్లు అతికించే వైపు నుంచి కూడా రాశారు. వాళ్లు రాసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను.

ప్రశ్న: సంక్రాంతికి ముందు కాంపౌండ్ గోడకి రంగులు వేయించాం. కూలీ, రంగు కలిపి 14 వేలు అయింది. మూడో రోజు పొద్దున్నే ముగ్గు వేద్దామని బయటికొస్తే గేటుకి అటు ఏడు, ఇటు ఐదు, మొత్తం పన్నెండు పోస్టర్లు! ఒక కోచింగ్ సెంటర్ వాళ్లవి. ఫోన్ చేస్తే "మాకు తెలీదండీ, ఏజెన్సీకి ఇచ్చాం, వాళ్లనే అడగండి" అని పెట్టేశారు. ఏడుపొచ్చింది. ఎవరిని అడగాలి నేను? – ఒక గృహిణి, అంబర్‌పేట

అమ్మా, ముందు ఒక్క మాట. కోపంలో వాటిని చింపేయకండి, చింపేశారంటే మీ చేతిలో ఉన్న సాక్ష్యాన్ని మీరే పారేసినట్టు. గోడ మొత్తం కనపడేలా ఒక ఫోటో, మీ ఇంటి నంబరు పలక కూడా పడేలా ఇంకోటి, పోస్టర్ మీద సంస్థ పేరు, ఫోన్ నంబరు స్పష్టంగా చదవగలిగేలా దగ్గర నుంచి మూడోది తీసుకోండి. ఆ తర్వాతే గోడ సంగతి.

ఇప్పుడు ఎవరిని అడగాలి అన్నారు కదా, ఆ పోస్టర్ మీద ఎవరి నంబరు ఉందో వాళ్లనే. నేను ఈ విషయంలో ఎన్నేళ్ల నుంచో మొత్తుకునేది ఇదొక్కటే. దొంగతనం జరిగితే దొంగ ఎవరో వెతకాలి, చెత్త ఎవరు పోశారో తెలుసుకోవాలంటే కెమెరాలు చూడాలి, కానీ పోస్టర్ విషయంలో ఆ బాధే లేదు, తప్పు చేసినవాడు పేరు, అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు పెద్ద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి మరీ మన గోడ మీద పెట్టి వెళ్తున్నాడు. అయినా మనం ఫిర్యాదులో "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాస్తాం. దయచేసి అలా రాయకండి. ఫలానా సంస్థ, ఫలానా నంబరు, నా అనుమతి లేకుండా నా గోడ మీద 12 పోస్టర్లు అతికించారు అని రాయండి.

చట్టం మీ వైపే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే బహిరంగ ప్రదేశాలను ప్రకటనలతో పాడుచేయడాన్ని, అసభ్యకరమైన పోస్టర్లను నిరోధించే చట్టం చేశారు. చాలామంది అది ప్రభుత్వ గోడలకే అనుకుంటారు, కాదు. పదిమందికీ కనపడే చోట, ఆ గోడ సొంతదారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ప్రకటన అతికించడమే తప్పు. అంటే మీరు సంతకం పెట్టి ఇస్తే తప్ప ఎవరికీ హక్కు లేదు. ప్రభుత్వ ఆస్తుల జోలికి వెళ్తే 1984 నాటి కేంద్ర చట్టం వేరే ఉంది. మెట్రో పిల్లర్ల మీద అతికిస్తే 2002 మెట్రో రైలు చట్టం ఉంది, అందులో జైలు శిక్ష కూడా రాసి ఉంది.

ఫిర్యాదు ఎక్కడంటే, జీహెచ్‌ఎంసీ యాప్‌లో ఫోటోలతో పెట్టండి, లేదా 040-21111111కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. దాంతో ఆగకుండా ఒక తెల్లకాగితం మీద రాసి జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉంటే నెల తర్వాత పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి "నా ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారు, ఎంత జరిమానా వేశారు" అని అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. వీలైతే ఒక్కరే వెళ్లకండి, మీ వరసలో ఎన్ని ఇళ్ల గోడలు పాడయ్యాయో అన్ని సంతకాలు పెట్టించండి. ఒక ఇంటి ఫిర్యాదుని పక్కన పెట్టినంత తేలిగ్గా ఎనిమిది ఇళ్ల ఫిర్యాదుని పెట్టలేరు.

ఇక "ఏజెన్సీ వాళ్లు" అన్న మాట. ఢిల్లీలో 2007లో చేసిన చట్టం ఈ తప్పించుకునే దారి మూసేసింది. ఎవరి లాభం కోసం గోడ పాడుచేశారో వాళ్లు, తమకు తెలియకుండా, తమ సమ్మతి లేకుండా జరిగిందని నిరూపించుకుంటే తప్ప, వాళ్లే నేరం చేసినట్టు లెక్క. ఏడాది దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంత గట్టిగా రాసుకోవాలని నా కోరిక.

నాకు జరిగిందొకటి చెప్తాను. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఒంటిగంటన్నరకి గోడ మీద చప్ చప్ మని చప్పుడైతే లేచి వెళ్లాను. స్కూటర్ కాళ్ల దగ్గర బకెట్, భుజాన సంచిలో చుట్టలు చుట్టిన పోస్టర్లు, పంతొమ్మిదేళ్లుంటాయేమో కుర్రాడికి. బకెట్లో ముంచిన కుంచె ఒకసారి గోడ మీద, కాగితం పెట్టి మళ్లీ ఒకసారి దాని మీద, అంతే, పది సెకన్లు కూడా పట్టలేదు. నన్ను చూసి పారిపోలేదు. "సార్, రాత్రికి ఇన్ని అని లెక్క, మిగిలితే డబ్బులు కోస్తారు" అన్నాడు. ఆ బకెట్ నుంచి ఉడికిన మైదా వాసన, వాడి మోచేతుల దాకా ఎండిపోయిన బంక, నాకు ఇప్పటికీ గుర్తే. వాడిని పంపేసి, పొద్దున్నే పోస్టర్ మీద ఉన్న అడ్రసుకి వెళ్లాను. ఒక హాస్టల్ అది. మేనేజర్ కూర్చున్న గది బయట గోడ తళతళలాడుతోంది, దాని మీద "ఇచట పోస్టర్లు అతికించరాదు" అని నీలం రంగులో రాసి ఉంది. ఆ గోడ చూపించి, నా ఫోన్లో నా గోడ చూపించాను. మాట్లాడలేదు. సాయంత్రానికి ఒక మనిషి వచ్చి మా వీధి మొత్తం గీకి, కడిగి వెళ్లాడు.

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతూ వారానికి మూడు రాత్రులు పోస్టర్ల పనికి వెళ్తున్నా. మీరు రాసింది చదివి బాధేసింది. మాకేం సరదానా? పోలీసులు పట్టుకుంటే మమ్మల్నే కొడతారు, మాకు పని ఇచ్చినోళ్లు ఫోనే ఎత్తరు. – ఒక విద్యార్థి, వరంగల్

తమ్ముడూ, నువ్వు బాధపడేలా రాసి ఉంటే మన్నించు. నేను నీ మీద రాయలేదు, నీతో ఆ పని చేయిస్తున్నవాళ్ల మీద రాశాను. బకెట్ పట్టుకున్నవాడిని పట్టుకుని ఫోటో దిగితే సమస్య తీరిపోయిందనుకునే అధికారులన్నా నాకు కోపమే. నిన్న నిన్ను పట్టుకుంటే రేపు ఇంకో కుర్రాడొస్తాడు, పోస్టర్ మీద నంబరు మాత్రం అదే.

నీ కోసం మూడు జాగ్రత్తలు. పని ఒప్పుకునేటప్పుడు ఏ గోడల మీద అతికించాలో, వాటికి అనుమతి ఉందో లేదో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకో, నోటి మాట మీద వెళ్లకు. అనుమతి అడిగితే ఎవరూ పని ఇవ్వరు అంటావేమో, కనీసం ఎవరు పంపారో చూపించడానికి నీ దగ్గర ఆ మెసేజ్ ఉంటుంది. రెండోది, పురుగు పట్టకుండా, పశువులు నాకకుండా బంకలో మైలుతుత్తం కలుపుతుంటారు, అది విషం. ఉత్త చేతులతో కలపొద్దు, ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకోవద్దు, గ్లౌజులకి డబ్బులు అడుగు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కరెంటు స్తంభాల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ కంచెల దగ్గర నిచ్చెన వేయకు. తడి బకెట్, తడి చేతులు, చీకటి. మీ అమ్మానాన్నల గురించి ఆలోచించి ఆ ఒక్క పనికి మాత్రం రాను అని చెప్పు.

ప్రశ్న: ఇంట్లో పదిమంది పిల్లలకి ట్యూషన్ చెప్పుకునేదాన్ని. పేపర్లో యాడ్ ఇచ్చేంత స్తోమత లేదు. కరెంటు స్తంభానికి ఒక చిన్న కాగితం అతికిస్తే దాన్ని కూడా నేరం అంటే మాలాంటివాళ్లు ఎలా బతకాలి? – ఒక ట్యూషన్ టీచర్, గుంటూరు

టీచర్‌గారూ, ఇది న్యాయమైన ప్రశ్న, ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా పోస్టర్లు వద్దు అనడం సగం మాటే అవుతుంది. 1850ల్లో బెర్లిన్‌లో ఇదే గొడవ, గోడలు, కంచెలు, చెట్లు దేన్నీ వదలకుండా కాగితాలు అతికించేసేవాళ్లు. అప్పుడు ఎర్న్‌స్ట్ లిట్‌ఫాస్ అనే ముద్రాపకుడు ఒక ఉపాయం చెప్పాడు: వీధుల్లో లావుపాటి గుండ్రటి స్తంభాలు కట్టిద్దాం, పోస్టర్లన్నీ వాటి మీదే ఉండాలి. 1855లో వంద స్తంభాలు లేచాయి. ఆ స్తంభాలకి జర్మనీలో ఈనాటికీ ఆయన పేరే.

మనకి కావలసింది అదే. ప్రతి వార్డులో రైతుబజార్ దగ్గరో, బస్‌స్టాప్ దగ్గరో, పార్కు గేటు దగ్గరో ఒక బోర్డు. ట్యూషన్లు, టిఫిన్ సెంటర్లు, అద్దె ఇళ్లు, కుట్టుపని, చిన్నవాళ్లకి ఉచితం, పదిహేను రోజులకోసారి తీసేసి కొత్తవి. పెద్ద సంస్థలకి డబ్బు పెట్టి హోర్డింగ్ కొనుక్కునే శక్తి ఉంది, వాళ్లు మీ పక్కన నిలబడి "మేం కూడా చిన్నవాళ్లమే" అనకూడదు. మీ వార్డు సచివాలయంలో ఈ మాట రాసి ఇవ్వండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీల్లో పెట్టండి.

అప్పటిదాకా ఏం చేయాలంటే, పేపర్లు వేసే అబ్బాయిలతో మాట్లాడి మీ నాలుగు వీధుల వరకు పాంప్లెట్లు పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు. కిరాణా కొట్టు, మందుల షాపు, జిరాక్స్ షాపు వాళ్లని అడిగితే లోపల అద్దానికి అంటించనిస్తారు. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి సెక్రటరీ అనుమతి చాలు. మీ దగ్గర చదివే పదిమంది పిల్లల తల్లులు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ఒక్క మెసేజ్‌కి వంద స్తంభాలు సాటిరావు.

ప్రశ్న: కోచింగ్ సెంటర్ల మీద రాయడం తేలికే. మా ఊళ్లో ప్రతి చౌరస్తాలో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. సిగ్నల్ లైటు కూడా కనపడదు. వాటి మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు, చేసి ఎవరు బతుకుతారు? – పేరు వద్దు, కరీంనగర్

మీ భయం అబద్ధం కాదు, పేరు వేయడం లేదు. కానీ ఒక్కటి గమనించండి. ఎన్నికల కోడ్ వచ్చిన రోజు ఏమవుతుంది? ప్రభుత్వ ఆఫీసుల మీద ఉన్నవి 24 గంటల్లో, బస్టాండ్లు, కరెంటు స్తంభాల్లాంటి చోట్ల ఉన్నవి 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీద అక్రమంగా ఉన్నవి 72 గంటల్లో తీసెయ్యాలని నియమం, మన కళ్ల ముందే తీసేస్తారు కూడా. అదే మున్సిపాలిటీ, అదే సిబ్బంది, అవే నిచ్చెనలు. మూడు రోజుల్లో ఊరు శుభ్రమవుతుంది. అంటే చేతకాక కాదు, చెయ్యమని గట్టిగా చెప్పేవాళ్లు లేక. ఐదేళ్లలో కొన్ని వారాలు చేయగలిగింది మిగతా రోజుల్లో ఎందుకు చేయలేరు అని అడగడానికి మనకి పూర్తి హక్కుంది.

ఎన్నికల పోస్టర్ల మీద ప్రింటర్ పేరు, ప్రచురించినవారి పేరు, అడ్రసులతో సహా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ చెప్తోంది, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ నియమాన్ని అన్ని ఫ్లెక్సీలకీ, అన్ని రోజులూ పెట్టి, అనుమతి కాగితం చూపించకపోతే ప్రింటు వేయకూడదని ఫ్లెక్సీ షాపులకి చెప్తే సగం అక్కడే ఆగిపోతాయి. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో గోడ పోస్టర్ల మీద కఠినంగా ఉండమని ఆదేశాలిచ్చినప్పుడు ప్రింటర్లతో, థియేటర్ల వాళ్లతో మీటింగులు పెట్టమన్నది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు, తర్వాత అమలు తేదీ వెనక్కి జరిగింది, కోర్టుల దాకా వెళ్లింది, ఇప్పుడు విజయవాడలో దిగి చూడండి, ఏ చౌరస్తా ఖాళీగా ఉంది?

నాకు దీంట్లో సరదా మాట ఒక్కటి కూడా రాదు, ఎందుకంటే 2019 సెప్టెంబరు 12న చెన్నైలో జరిగింది నాకు మర్చిపోవడం చేతకావడం లేదు. ఒక నాయకుడి ఇంటి పెళ్లికి రోడ్డు మధ్యలో కట్టిన బ్యానరు ఊడి, స్కూటీ మీద ఇంటికి వెళ్తున్న 23 ఏళ్ల ఇంజనీరు అమ్మాయి మీద పడింది, ఆమె కింద పడిపోయింది, వెనక వస్తున్న నీళ్ల ట్యాంకరు ఎక్కేసింది. ఫ్లెక్సీ అంటే కళ్లకి ఇబ్బంది మాత్రమే అనుకునేవాళ్లకి ఇదొక్కటి చెప్పండి.

కోర్టులు గట్టిగా నిలబడితే ఏమవుతుందో కూడా చూశాం. 2024లో ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఎన్నికల్లో గోడలన్నీ పోస్టర్లతో నింపేస్తే, అవి శుభ్రం చేసేదాకా ఓట్లు లెక్కపెట్టొద్దని హైకోర్టు ఆపేసింది. సెప్టెంబరు 27న ఓట్లు వేశారు, ఫలితాలు నవంబరు 25న వచ్చాయి. రెండు నెలలు. అభ్యర్థులే దగ్గరుండి గోడలు కడిగించుకున్నారు.

మీరు ఒంటరిగా ఫిర్యాదు చేయొద్దు. కాలనీ సంఘం పేరుతో చేయండి, నాయకుడి పేరెత్తకుండా "సిగ్నల్ లైటు కనపడటం లేదు, ప్రమాదం జరుగుతుంది" అని ట్రాఫిక్ పోలీసులకి ఫోటోతో పంపండి. ఆ ఫిర్యాదుని రాజకీయం అనడం కష్టం.

ప్రశ్న: గోడకి దేవుడి బొమ్మల టైల్స్ పెట్టిస్తే ఎవరూ అతికించరని మేస్త్రీ అంటున్నాడు. పెట్టించమంటారా? – నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

వద్దండీ. బొమ్మ పక్కన ఖాళీలో అతికిస్తారు, దేవుడి మొహం మీద బంక కారుతుంది, చూడలేం. దానికన్నా గోడని నున్నగా కాకుండా గరుకు ప్లాస్టరింగ్ చేయించండి, కాగితం సరిగ్గా పట్టదు, అంచులు లేచిపోతాయి.

ప్రశ్న: మా వీధిలో ఉన్న వేపచెట్టుకి బోర్డులు మేకులతో కొట్టేశారు. పీకేయొచ్చా? చెట్టుకి ఏమైనా అవుతుందా? – ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

అవుతుందమ్మా. బెరడు కిందే చెట్టుకి ఆహారం నడిచే పొర ఉంటుంది, మేకు దాన్ని చీల్చుకుని వెళ్తుంది, ఆ కన్నంలోంచి తేమ, బూజు లోపలికి దిగుతాయి. మా వీధి చివర కానుగ చెట్టుకి ఒకరోజు దగ్గరగా నిలబడి లెక్కపెట్టాను, ఛాతీ ఎత్తులో 31 మేకులు, కొన్నిటి తలలు బెరడు మింగేసింది, ఒక మేకు చుట్టూ జిగురు కారి గట్టిపడి ఉంది. పాత మేకుల్ని బలవంతంగా లాగొద్దు, బెరడు పెద్ద ముక్కగా ఊడొస్తుంది. పైకి కనపడేవాటినే కటింగ్ ప్లేయర్‌తో అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా తీయండి. ముందు బోర్డు ఫోటో తీసి మున్సిపాలిటీకి పంపడం మర్చిపోకండి, అక్కడా నంబరు ఉంటుంది.

ప్రశ్న: పోస్టర్ గీకితే రంగు కూడా ఊడిపోతోంది. ఏం చేయాలి? – ముగ్గురు పాఠకులు

పొడిగా ఉన్నప్పుడు గీకడం వల్లే. కాగితం మీద చాకుతో అడ్డంగా నిలువుగా గీతలు పెట్టి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు కలిపి స్పాంజితో బాగా తడపండి, ఒక పావుగంట ఆగి మళ్లీ తడపండి. మైదా బంక నానితే దానంతటదే లేస్తుంది, అప్పుడు పుట్టీ బ్లేడుని ఏటవాలుగా పెట్టి తోస్తే చాలు. మిగిలిన తెల్లటి జిగురుని కడిగేయకపోతే చీమలు పడతాయి, బూజు కూడా వస్తుంది. ఊడిన ఫ్లెక్సీల్ని మాత్రం మంట పెట్టొద్దు, అది పీవీసీ అనే ప్లాస్టిక్, ఆ పొగ పిల్లలున్న చోట అసలు ఉండకూడదు. కాలవలో పడేసినా మొదటి వానకే అడ్డం పడి నీళ్లు మన గుమ్మంలోకే వస్తాయి.

ప్రశ్న: పోస్టర్ మీద ఉన్న నంబరుకి కాలనీ వాళ్లందరం రోజుకి వందసార్లు ఫోన్ చేసి విసిగిస్తే బుద్ధి రాదా? – దిల్‌సుఖ్‌నగర్ నుంచి

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో హాలీవుడ్ అనే ఊరుంది, సినిమాల హాలీవుడ్ కాదు. 2013 ప్రాంతంలో అక్కడి నగరపాలక సంస్థ అచ్చంగా ఈ పనే చేసింది. అక్రమ బోర్డుల మీద ఉన్న నంబర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించి, వచ్చి జరిమానా కట్టేదాకా రికార్డు చేసిన గొంతుతో రోజుకి పదులసార్లు ఫోన్లు చేయించింది. మన మున్సిపాలిటీలు కూడా చేస్తే నేను చప్పట్లు కొడతాను. అయితే చేసింది ప్రభుత్వం. మనం వందసార్లు చేస్తే రిసెప్షన్‌లో కూర్చున్న ఒక అమ్మాయి తిట్లు తింటుంది, యజమానికి తెలియను కూడా తెలియదు, పైగా మన మీదే వేధింపుల ఫిర్యాదు పెట్టొచ్చు.

ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క ఫోన్ చాలు. గొంతు పెంచకండి. నేనైతే ఇలా మాట్లాడతాను: "నమస్తే అండీ, ఫలానా వీధి నుంచి మాట్లాడుతున్నా. మీ పోస్టర్లు మా గోడ మీద ఆరు ఉన్నాయి, మేం అనుమతి ఇవ్వలేదు. ఫోటోలు తీశాను. రేపు సాయంత్రం ఆరింటిలోగా మనిషిని పంపి తీయించి, గోడ కడిగించండి. లేకపోతే ఎల్లుండి పొద్దున మీ సంస్థ పేరు మీద ఫిర్యాదు ఇస్తాను. మీ పేరేంటండీ? రాసుకుంటున్నా."